గంటలో ఎన్ని కిలోమీటర్లు? సైకిల్ రికార్డులను కాలాలు దాటి పోల్చడంలో ఉన్న చిక్కు

క్లుప్తంగా: సైకిల్ మీద గంటలో అత్యధిక దూరం తొక్కే రికార్డు 1893లో 35.325 కి.మీ.తో మొదలై 2022 నాటికి 56.792 కి.మీ.కి చేరింది. ఈ పెరుగుదలలో కొంత మనిషి కండబలానిది, కొంత సైకిల్ తయారీది, కొంత ట్రాక్ ఉన్న చోటుది. వీటన్నిటికీ తోడు నిబంధనలు మూడుసార్లు చరిత్రను తిరగరాశాయి. అందుకే కేవలం అంకెలు చూసి ఫలానావాడు ఫలానావాడి కంటే గొప్ప అని తేల్చడం కుదరదు. అయితే పోలిక పూర్తిగా అసాధ్యమూ కాదు.

1996 సెప్టెంబరులో బ్రిటన్ రైడర్ క్రిస్ బోర్డ్‌మన్ మాంచెస్టర్ ట్రాక్ మీద గంటలో 56.375 కి.మీ. తొక్కాడు. నాలుగేళ్ల తర్వాత, 2000 అక్టోబరులో, అదే మనిషి అదే ట్రాక్ మీద గంటలో తొక్కింది 49.441 కి.మీ. మాత్రమే. దాదాపు 7 కి.మీ. తక్కువ. అయినా అప్పటి నుంచి అధికారిక ప్రపంచ రికార్డుగా చెల్లుబాటైంది రెండోదే. మొదటిదాన్ని వేరే జాబితాలో పెట్టారు. 2014లో నిబంధన మళ్లీ మారింది. 2022లో ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా 56.792 కి.మీ. తొక్కాకే ఈ జాబితాల తగువు చాలావరకు సద్దుమణిగింది.

కొత్తగా ఈ రికార్డుల పట్టిక చూసేవాళ్లు అయోమయంలో పడేది ఇక్కడే. ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో వరస కనిపిస్తుంది. ఒకచోట రికార్డు 1972 నుంచి 2000 దాకా కదలనే లేదు. ఇంకోచోట అదే కాలంలో తొమ్మిది సార్లు బద్దలైంది. ఏ కొలమానం వాడారన్నదాన్ని బట్టి రెండూ సరైనవే.

గాలి లెక్క

ముందు భౌతికశాస్త్రం సంగతి చూడాలి. చదునైన ట్రాక్ మీద గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్లే రైడర్ శక్తిలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. టైర్ల రాపిడి, చైన్ రాపిడి కలిపినా మిగిలేది చిన్న వాటా. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే శక్తి, వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది.

దీని ప్రభావం రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది, రికార్డు పెరిగేకొద్దీ ప్రతి అదనపు కిలోమీటరూ ఖరీదెక్కుతుంది. అదే మనిషి, అదే సైకిల్, అదే గాలి అనుకుంటే, 56 కి.మీ. దగ్గర ఇంకో కిలోమీటరు కలపడానికి కావలసిన అదనపు శక్తి 35 కి.మీ. దగ్గర కావలసినదానికి సుమారు రెండున్నర రెట్లు. రెండోది, గాలికి ఎదురయ్యే రూపాన్ని కాస్త తగ్గించినా వచ్చే లాభం చాలా పెద్దది. గాలి నిరోధం 10 శాతం తగ్గిస్తే, అదే కండబలంతో 50 కి.మీ. దగ్గర ఒకటిన్నర కిలోమీటరుకు పైగా అదనంగా వస్తుంది. కండబలంతో అంత సాధించాలంటే శక్తిని ఇంచుమించు పదో వంతు పెంచుకోవాలి. ప్రపంచ స్థాయి రైడర్‌కు అది ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నా రాకపోవచ్చు.

ఈ కొలతతో బోర్డ్‌మన్ రెండు గంటలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 49.441 నుంచి 56.375కి వెళ్లాలంటే వేగం 14 శాతం పెరగాలి. అది కేవలం కాళ్ల బలంతో రావాలంటే శక్తి 48 శాతం పెరగాలి. ఒకే మనిషిలో నాలుగేళ్ల తేడాలో అది జరిగే పని కాదు. 2000 నాటికి అతను రిటైర్మెంట్ అంచున ఉన్నాడు, కొంత బలం తగ్గి ఉండొచ్చు. అది తీసేసినా మిగిలిన తేడాలో సింహభాగం సైకిల్‌దీ, దాని మీద అతను వంగిన తీరుదీ.

బరువు మీద నుంచి ఆకారం మీదికి

1972 అక్టోబరు 25న బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో 49.431 కి.మీ. తొక్కాడు. అతని సైకిల్‌ను ఎర్నెస్టో కొల్నాగో తయారుచేశాడు. బరువు 5.75 కిలోలు. చైన్‌కు, హ్యాండిల్‌కు రంధ్రాలు చేసి మరీ గ్రాములు తగ్గించారు. ఆ కాలపు ఆలోచన అంతా బరువు చుట్టూనే తిరిగింది. హ్యాండిల్ మాత్రం మామూలు వంపు హ్యాండిలే, చక్రాలకు మామూలు స్పోక్సే, ఫ్రేమ్‌కు గుండ్రటి గొట్టాలే.

ఇప్పటి అవగాహనతో చూస్తే అది తప్పు దిశలో పడిన కష్టం. చదునైన ట్రాక్ మీద ఒకే వేగంతో తిరిగేటప్పుడు బరువు ప్రభావం చాలా తక్కువ. మొదటి ల్యాప్‌లో వేగం అందుకోవడానికి మాత్రమే అది అడ్డుపడుతుంది. 2005లో చెక్ రైడర్ ఒండ్రెయ్ సోసెంకా ఇందుకు పూర్తి విరుద్ధంగా, కావాలనే బరువైన చక్రం ఉన్న, దాదాపు 10 కిలోల సైకిల్‌తో 49.700 కి.మీ. తొక్కి రికార్డు సాధించాడు. ఒకసారి తిరగడం మొదలైతే బరువైన చక్రం వేగాన్ని నిలుపుకుంటుందన్నది దాని వెనక ఉన్న ఊహ.

అసలు మలుపు 1984 జనవరిలో వచ్చింది. ఇటలీ రైడర్ ఫ్రాన్చెస్కో మోజర్ అదే మెక్సికో సిటీలో నాలుగు రోజుల తేడాలో మొదట 50.808, తర్వాత 51.151 కి.మీ. తొక్కాడు. స్పోక్స్ బదులు నిండు డిస్క్ చక్రాలు, కొమ్ముల్లా పైకి లేచిన హ్యాండిల్, ఒంటికి అతుక్కునే సూట్. సైకిల్ మెర్క్స్ సైకిల్ కంటే బరువైనది. అయినా 11 ఏళ్లకు పైగా కదలని రికార్డు ఒక్క వారంలో 1.7 కి.మీ. ముందుకు జరిగింది.

మోజర్ ఇంకో ఆధారం కూడా ఇచ్చాడు, దాన్ని జనం పెద్దగా పట్టించుకోలేదు. పదేళ్ల తర్వాత, 1994 జనవరిలో, 42 ఏళ్ల వయసులో మళ్లీ మెక్సికో సిటీ వెళ్లి 51.840 కి.మీ. తొక్కాడు. అప్పటికి బోర్డ్‌మన్ 52.270 చేసి ఉన్నాడు కాబట్టి అది రికార్డు కాలేదు. కానీ 32 ఏళ్ల మోజర్‌ను 42 ఏళ్ల మోజర్ 689 మీటర్ల తేడాతో ఓడించాడు. మధ్యలో మారింది ముఖ్యంగా కూర్చునే తీరు. గ్రేమ్ ఓబ్రీ కనిపెట్టిన పద్ధతిని అతను అనుసరించాడు.

ఓబ్రీ రెండు భంగిమలు

స్కాట్లాండ్‌కు చెందిన ఓబ్రీ కథను వివరంగా చెప్పుకోవాలి. పరికరం అంటే ఖరీదైన ల్యాబ్‌లో పుట్టేది మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అతను తన సైకిల్‌ను తానే తయారుచేసుకున్నాడు. పెడల్స్ తిరిగే ఇరుసులో వాషింగ్ మెషీన్ బేరింగులు వాడాడు. రెండు కాళ్లూ వీలైనంత దగ్గరగా ఉండేలా ఆ ఇరుసును సన్నగా చేశాడు. హ్యాండిల్‌ను ఛాతీ కిందికి తెచ్చి, మోచేతులు మడిచి, చేతులను ఒంటి కింద దాచేశాడు. చేతుల మధ్య గాలి సుడులు తిరిగే ఖాళీ దాదాపు లేకుండా పోయింది.

1993 జులై 16న నార్వేలోని హామర్‌లో మొదటి ప్రయత్నం విఫలమైంది. మర్నాడే తన పాత సైకిల్ మీద ఎక్కి 51.596 కి.మీ. తొక్కాడు. ఆ రికార్డు వారం కూడా నిలవలేదు. జులై 23న బోర్డో ట్రాక్ మీద బోర్డ్‌మన్ 52.270 చేశాడు. 1994 ఏప్రిల్‌లో ఓబ్రీ 52.713తో తిరిగి గెలుచుకున్నాడు. ఆ వెంటనే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అంటే యూసీఐ, ఆ భంగిమను నిషేధించింది. ఓబ్రీ ఈసారి చేతులను ముందుకు పూర్తిగా చాపే కొత్త భంగిమ కనిపెట్టాడు. దానికి సూపర్‌మ్యాన్ అని పేరు పడింది. 1996లో బోర్డ్‌మన్ 56.375 చేసింది ఆ భంగిమలోనే. తర్వాత దాన్ని కూడా నిషేధించారు.

1993 జులై నుంచి 1996 సెప్టెంబరు దాకా, మూడేళ్లు తిరగగానే రికార్డు 51.151 నుంచి 56.375కి పోయింది. ఓబ్రీ, బోర్డ్‌మన్, స్పెయిన్‌కు చెందిన మిగ్వెల్ ఇందురైన్, స్విట్జర్లాండ్‌కు చెందిన టోనీ రోమింగర్ ఒకరి తర్వాత ఒకరు దాన్ని బద్దలు కొట్టారు. మనిషి దేహం మూడేళ్లలో అంతగా మారదు. 1967 నుంచి 1996 వరకు ఉన్న గంట రికార్డులను గణిత నమూనాతో పరిశీలించిన ఒక అధ్యయనం 1999లో వెలువడింది. పెరుగుదలలో సుమారు 60 శాతం గాలి నిరోధం తగ్గడం వల్ల, 40 శాతం రైడర్ల శక్తి పెరగడం వల్ల వచ్చిందని అది తేల్చింది.

ఆ 40 శాతంలోనూ శిక్షణ వాటా ఎంత, మందుల వాటా ఎంత అన్న ప్రశ్న ఆ కాలం మొత్తానికీ ఉంది. రక్తంలో ఎర్రకణాలు పెంచే ఈపీఓను గుర్తించే పరీక్ష 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి గానీ అమల్లోకి రాలేదు. ఇది ఏ ఒక్క రైడర్‌నూ వేలెత్తి చూపడానికి కాదు. 1990ల అంకెలను నేటి అంకెలతో పోల్చేటప్పుడు పరికరాల లెక్క ఒక్కటే సరిపోదని చెప్పడానికి.

నిబంధన మారినప్పుడల్లా మారే చరిత్ర

పరికరం చూసి రికార్డును పక్కన పెట్టడం 2000లో మొదలైన పని కాదు. 1914లో స్విస్ రైడర్ ఆస్కార్ ఎగ్ చేసిన 44.247 కి.మీ. రికార్డు 19 ఏళ్లు నిలిచింది. 1933 జులైలో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచ్ రైడర్ 45.055 కి.మీ.తో దాన్ని దాటాడు. అతను తొక్కింది షార్ల్ మోషే తయారుచేసిన, వెనక్కి వాలి పడుకున్నట్టు కూర్చుని తొక్కే సైకిల్. ఫోర్‌ను అగ్రశ్రేణి రైడర్‌గా ఎవరూ లెక్కవేసేవారు కాదు. ఆ సైకిల్ ఎంత పెద్ద లాభం ఇచ్చిందో దాన్నిబట్టే అర్థమవుతుంది. 1934లో యూసీఐ సైకిల్ అంటే ఏమిటో కొలతలతో నిర్వచించి, పడుకుని తొక్కేవాటిని బయట పెట్టేసింది. ఆ శాఖ నేటికీ విడిగానే సాగుతోంది. పూర్తిగా తొడుగు కప్పిన అలాంటి వాహనాల్లో గంటకు 90 కి.మీ. పైగా దూరం నమోదైంది. అదీ మనిషి కాళ్ల బలంతోనే.

2000లో తీసుకున్న నిర్ణయం ఇంకా దూరం వెళ్లింది. మనిషే ముఖ్యం, యంత్రం కాదన్న సూత్రాన్ని యూసీఐ 1996లో లుగానో ప్రకటనగా రాసుకుంది. దాని కొనసాగింపుగా గంట రికార్డును మెర్క్స్ దగ్గరికి వెనక్కి తీసుకెళ్లింది. ఇకపై ఎవరు ప్రయత్నించినా 1972 నాటి తరహా సైకిల్‌నే వాడాలి. మోజర్ నుంచి బోర్డ్‌మన్ దాకా జరిగినవన్నీ ‘ఉత్తమ మానవ ప్రయత్నం’ అనే మరో జాబితాలోకి పోయాయి.

సూత్రం వినడానికి న్యాయంగానే ఉంది. అమలులో మాత్రం అది నిలబడలేదు. మొదటి లోపం, 1972 అనే గీత ఎందుకన్నదానికి తర్కం లేదు. మెర్క్స్ సైకిల్ ఆ రోజుకు అత్యాధునికం, మామూలు సైకిల్ కాదు. పైగా 2000లోనే అమలైన 6.8 కిలోల కనీస బరువు నిబంధన ప్రకారం చూస్తే 5.75 కిలోల ఆ సైకిల్ నేటి పోటీలో గేటు కూడా దాటదు. రెండో లోపం, సైకిల్‌ను స్థిరంగా ఉంచినంత మాత్రాన మిగతావి స్థిరంగా ఉండవు. మెర్క్స్ తొక్కింది సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో, ఆరుబయట. బోర్డ్‌మన్ తొక్కింది మాంచెస్టర్‌లో, పైకప్పు కింద. వాళ్లిద్దరి మధ్య తేలిన తేడా 10 మీటర్లు. సమాన పరికరాలతో దొరికిన సమాన ఫలితంగా చాలామంది దాన్ని చదివారు. నిజానికి రెండు ప్రయత్నాల మధ్య ఎత్తు, పైకప్పు అనే రెండు పెద్ద తేడాలు ఉన్నాయి.

మూడో లోపం ఆచరణలో కనిపించింది. పాత తరహా సైకిల్ తయారుచేయడంలో కంపెనీలకు ఆసక్తి లేదు, రైడర్లకూ లేదు. సోసెంకా తర్వాత తొమ్మిదేళ్లు పురుషుల రికార్డును ఎవరూ బద్దలు కొట్టలేదు. 2014 మేలో యూసీఐ రెండు జాబితాలను కలిపి, ట్రాక్ పర్‌స్యూట్ పోటీల్లో అనుమతించే ఆధునిక సైకిల్‌ను ఒప్పుకుంది. ఆ సెప్టెంబరులోనే జర్మనీకి చెందిన యెన్స్ వోయిట్ 51.110 చేశాడు. అక్కడి నుంచి వరదలా ప్రయత్నాలు వచ్చాయి.

అయితే కలిపిన జాబితాలోనూ అతుకు కనిపిస్తుంది. మొదలుపెట్టింది సోసెంకా 49.700 దగ్గర. కాబట్టి వోయిట్ 51.110 కొత్త రికార్డు అయింది, కానీ మోజర్ 1984లో చేసిన 51.151 కంటే అది తక్కువ. మహిళల్లోనూ ఇదే జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జానీ లోంగో 1996లో మెక్సికో సిటీలో సూపర్‌మ్యాన్ భంగిమలో 48.159 కి.మీ. తొక్కింది. అధికారిక పట్టిక మాత్రం నెదర్లాండ్స్ రైడర్ లియోంటియెన్ వాన్ మూర్సెల్ 2003లో చేసిన 46.065 నుంచి లెక్క మొదలుపెట్టింది. లోంగో దూరాన్ని ఎవరైనా నిజంగా దాటింది 2021లో, బ్రిటన్‌కు చెందిన జోసెలిన్ లౌడెన్ 48.405 చేసినప్పుడు. అంటే 25 ఏళ్ల తర్వాత. పురుషుల్లో బోర్డ్‌మన్ దూరాన్ని దాటడానికి 26 ఏళ్లు పట్టింది. నిషేధించిన భంగిమ ఇచ్చిన లాభాన్ని అనుమతించిన భంగిమతో పూడ్చుకోవడానికి రెండు విభాగాల్లోనూ దాదాపు ఒకే కాలం పట్టడం గమనించదగ్గది.

అలా పూడ్చింది చిన్న చిన్న మెరుగుల కూడిక. గన్నా సైకిల్ ఫ్రేమ్‌ను త్రీడీ ప్రింటింగ్‌తో లోహపు పొడి నుంచి ముద్రించారు. చైన్ ముందు చక్రానికి 65 పళ్లు, వెనక 14. మెర్క్స్‌ది 52, 14. లెక్క కడితే మెర్క్స్ నిమిషానికి సుమారు 104 సార్లు పెడల్ తిప్పాడు, గన్నా సుమారు 97 సార్లు. తక్కువసార్లు తిప్పి 7 కి.మీ. ఎక్కువ వెళ్లాడు. గన్నాకు ఏడు వారాల ముందు 55.548తో ఆ రికార్డు పట్టిన డాన్ బిగమ్ వృత్తిరీత్యా గాలి నిరోధం మీద పనిచేసే ఇంజనీర్, గన్నా ప్రయత్నం వెనక ఉన్న బృందంలో ఒకడు. రైడర్, ఇంజనీర్ ఒకే మనిషి కావడం ఈ దశ స్వభావాన్ని బాగా చూపిస్తుంది.

పట్టికలో కనిపించని గాలి

ఎత్తైన చోట గాలి పలచగా ఉంటుంది. మెక్సికో సిటీలో గాలి సాంద్రత సముద్రమట్టం కంటే అయిదో వంతుకు పైగా తక్కువ. నిరోధం ఆ మేరకు తగ్గుతుంది. ఆక్సిజన్ కూడా తగ్గుతుంది కాబట్టి రైడర్ శక్తి పడిపోయి లాభంలో కొంత హరించుకుపోతుంది. అయినా, అలవాటు పడిన రైడర్‌కు నికరంగా మిగిలేది లాభమే. అందుకే 1968 నుంచి ఎందరో మెక్సికో బాట పట్టారు. ఇటీవలి వాళ్లు అక్కడి ఆగ్వాస్‌కాలియెంతెస్ ట్రాక్‌ను ఎంచుకుంటున్నారు. అది సుమారు 1,880 మీటర్ల ఎత్తులో ఉంది.

ఎత్తు మారకపోయినా ఆ రోజు వాతావరణం లెక్కలోకి వస్తుంది. గాలి పీడనం ఎక్కువగా ఉన్న రోజున సాంద్రత పెరుగుతుంది. 2015 జూన్‌లో లండన్‌లో బ్రాడ్లీ విగిన్స్ 54.526 చేసిన రోజు పీడనం ఎక్కువగా ఉండి అతనికి ప్రతికూలమైంది. హాలును వేడెక్కించి గాలిని పలచబరచడం ఇప్పుడు మామూలు సన్నాహం. కానీ ఒళ్లు మరీ వేడెక్కితే గంట చివర్లో రైడర్ కూలబడతాడు కాబట్టి దానికీ హద్దు ఉంది.

ఏడాది రికార్డు చెప్పే వేరే కథ

గంట రికార్డులో పరికరం ఇంత పెత్తనం చేస్తే, ఏడాది మొత్తం మీద తొక్కే దూరంలో పరిస్థితి వేరు. 1939లో ఇంగ్లండ్‌కు చెందిన టామీ గాడ్విన్ ఏడాదిలో 75,065 మైళ్లు, అంటే లక్షా 20 వేల కి.మీ. పైగా తొక్కాడు. ఉక్కు ఫ్రేమ్, వెనక చక్రం హబ్‌లోనే అమర్చిన నాలుగు గేర్లు, మామూలు రోడ్లు. సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యాక దీపాలకు ముసుగు వేసుకుని చీకట్లో తొక్కాల్సి వచ్చింది. సగటున రోజుకు 200 మైళ్లు దాటింది.

ఆ అంకెను దాటడానికి 76 ఏళ్లు పట్టింది. 2016 జనవరిలో ముగిసిన తన ఏడాదిలో అమెరికన్ కర్ట్ సియర్‌వోగెల్ 76,076 మైళ్లు చేశాడు. తేడా 1,011 మైళ్లు, అంటే ఒకటిన్నర శాతం కూడా కాదు. కార్బన్ ఫ్రేములు, తేలికపాటి చక్రాలు, ఆధునిక ఆహారం ఇవన్నీ ఉండి కూడా అంతే. కారణం స్పష్టం. ఇక్కడ వేగం తక్కువ, కాబట్టి గాలి నిరోధం మీద సాధించే లాభం తక్కువ. అసలు పరిమితి నిద్ర, తిండి, మోకాళ్లు, వాతావరణం, ట్రాఫిక్. 2017లో అమాండా కోకర్ 86,573 మైళ్లతో పెద్ద గెంతు వేసింది. అందులో కొత్త సైకిల్ కంటే పద్ధతి పాత్ర ఎక్కువ. ఫ్లోరిడాలోని ఒక పార్కులో 7 మైళ్ల చదును దారిలోనే ఎక్కువ దూరం తిరిగింది. సిగ్నళ్లు లేవు, కొండలు లేవు, దారి వెతుక్కోవడం లేదు, సహాయం ఎప్పుడూ పక్కనే.

మరి పోల్చడం ఎలా

మూడు దారులు కొంత నమ్మదగినవి. ఒకే రైడర్ వేర్వేరు పరికరాలతో చేసిన ప్రయత్నాలను పోల్చడం మొదటిది. బోర్డ్‌మన్, మోజర్ ఉదాహరణలు అందుకే విలువైనవి. రెండోది, రైడర్ తన సమకాలికుల కంటే ఎంత ముందున్నాడో చూడడం. ఎగ్ రికార్డు 19 ఏళ్లు, మెర్క్స్‌ది 11 ఏళ్లకు పైగా నిలిచాయంటే అప్పటికి అందుబాటులో ఉన్న సైకిళ్లతో వాళ్లు చేరింది శిఖరం దగ్గరికే. ఇది కూడా పూర్తి కొలమానం కాదు. ఎగ్ తర్వాతి ఏళ్లను మొదటి ప్రపంచయుద్ధం మింగేసింది. మూడోది, గాలి సాంద్రత, భంగిమ, చక్రాలు లెక్కగట్టి రైడర్ ఎన్ని వాట్ల శక్తి పెట్టాడో అంచనా వేయడం. శాస్త్రీయంగా ఇదే మెరుగు, కానీ పాత రైడర్ల గాలి నిరోధాన్ని ఫోటోల నుంచి, నమూనాల నుంచి ఊహించాల్సి వస్తుంది. అంచనాలో చిన్న పొరపాటు ఫలితంలో కిలోమీటరు తేడా తెస్తుంది.

కొలతల విషయంలోనూ పాత అంకెలు చెక్కుచెదరనివి కావు. 1942లో యుద్ధం మధ్య మిలాన్‌లో ఫౌస్టో కొప్పి చేసిన దూరాన్ని మొదట 45.871 కి.మీ.గా ప్రకటించి, తర్వాత 45.798కి సవరించారు.

ఇప్పటి పట్టికను మెరుగుపరచడానికి పాత రికార్డులను తీసేయడం, కలపడం కంటే సులువైన పని ఒకటుంది. మహిళల విభాగాన్నే చూడొచ్చు. 2022 మేలో ఎలెన్ వాన్ డైక్ స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్‌లో, సుమారు 450 మీటర్ల ఎత్తులో, 49.254 కి.మీ. తొక్కింది. 2023 అక్టోబరులో విట్టోరియా బుస్సి ఆగ్వాస్‌కాలియెంతెస్‌లో 50.267 చేసి, 2025 మేలో అక్కడే 50.455కి పెంచింది. నిబంధనలు ఒకటే, సైకిళ్ల తరం ఒకటే, కానీ రెండు ట్రాకుల మధ్య 1,400 మీటర్లకు పైగా ఎత్తు తేడా ఉంది. పురుషుల్లో విక్టర్ కాంపెనార్ట్స్ 2019లో ఆగ్వాస్‌కాలియెంతెస్‌లో చేసిన 55.089ని బిగమ్, గన్నా ఇద్దరూ గ్రెంచెన్‌లోనే దాటారు కాబట్టి ఎత్తు ఒక్కటే అన్నీ నిర్ణయించదన్నదీ నిజమే. ప్రతి రికార్డు పక్కన ట్రాక్ ఎత్తు, ఆ గంటలో గాలి పీడనం, ఉష్ణోగ్రత, వాడిన భంగిమ నాలుగు గడుల్లో రాస్తే, చదివేవాళ్లకు ఏ అంకెను దేనితో పోల్చాలో తెలుస్తుంది. ట్రాక్ దగ్గర ఈ వివరాలు ఇప్పటికే కొలుస్తున్నారు. పట్టికలో చేర్చడమే మిగిలింది.